తాళం పడని లైను

ఆ డయాగ్నస్టిక్ సెంటర్‌లో అందరూ ఆమెను లైన్ల మేడమ్ అనేవాళ్లు. పెద్ద ల్యాబు ఊరి నడిబొడ్డున ఉండేది. చుట్టుపక్కల పేటల్లో చిన్న చిన్న బ్రాంచీలు ఉండేవి. బ్రాంచీలో తీసిన రక్తం వ్యానులో పెద్ద ల్యాబుకు చేరేది. పరీక్ష అయ్యాక రిపోర్టు తీగ మీద తిరిగి బ్రాంచీకి వెళ్లేది. ఆ తీగలూ, వాటి చివర్లలో పచ్చగా మినుకుమనే పెట్టెలూ, ఆ పెట్టెలున్న చల్లటి గదీ ఆమె బాధ్యత. ఆ గదిలో ఏసీ ఎప్పుడూ ఆగదు కాబట్టి ఎండలు మండిపోయే రోజుల్లో కూడా స్వెటర్ వేసుకుని కూర్చునేది. మధ్యాహ్నం అన్నం తినడానికి అలాగే బయటికొస్తే, "మేడమ్ మంచుకొండ దిగొచ్చారు, దారివ్వండి" అని క్యాంటీన్‌లో వాళ్లు ఆటపట్టించేవాళ్లు.

ఇంట్లో ముగ్గురు. ఆమె, కళ్లజోళ్ల షాపు నడిపే భర్త, ఆమె తమ్ముడు. తమ్ముడు బడిలో ఉండగానే తల్లీ తండ్రీ ఒకరి వెనక ఒకరు పోయారు. అప్పటికి ఆమెకు ఉద్యోగం కొత్త. బడి వదిలిన దగ్గర్నుంచి తను ఇల్లు చేరేదాకా వాణ్ని ఎక్కడ ఉంచాలో తెలియక, బస్టాపు పక్కనే ఉన్న ఈతకొలనులో చేర్పించింది. నీళ్లు చూసి మొదటి రోజు ఏడ్చాడు. ఆ తర్వాత బయటికి రమ్మంటే ఏడ్చేవాడు. పెద్దయ్యాక అదే కొలనులో పిల్లలకు ఈత నేర్పే సారయ్యాడు. పిల్లలు పెట్టిన పేరు చేప సారు. కొన్నాళ్లకు కొలను ఓనరు కూడా అలాగే పిలవడం మొదలుపెట్టాడు. నీళ్లంటే హడలిపోయే పిల్లలను తన అరచేతుల మీద వెల్లకిలా పడుకోబెట్టి, బళ్లో సంగతులూ ఇంట్లో సంగతులూ అడుగుతూ, మాటల మధ్యలో చేతులు మెల్లగా తీసేసేవాడు. తేలుతున్నామని వాళ్లకు తెలిసేలోపే భయం పోయేది.

బావా బావమరుదులకు పొద్దున్న లేస్తే పోట్లాటే. "ఊరందరికీ చూపునిస్తావు గానీ, ఇంట్లో ఉప్పేదో చక్కెరేదో నీకు కనబడదు బావా" అని తమ్ముడంటే, "నువ్వు ముందు జుట్టు ఆరబెట్టుకోరా, అన్నంలో క్లోరిన్ వాసనొస్తోంది" అని భర్త అనేవాడు. ఆమె మధ్యలో కూర్చుని ఇద్దరికీ వడ్డించేది. ఆ రోజుల గురించి ఇప్పుడు అడిగితే, సంతోషంగా ఉన్నామని అప్పుడు అనుకోలేదు, మామూలుగా ఉన్నామనుకున్నాను అంటుంది.

ఆఫీసులో ఆమెను పీడించే సంగతి ఒకటి ఉండేది. పెద్ద ల్యాబుకూ బ్రాంచీలకూ మధ్య ఉన్నవి ప్రైవేటు లైన్లు. ఊళ్లో అందరూ వాడే ఇంటర్నెట్ కాదు, లైన్ల కంపెనీ దగ్గర తమ కోసమే అద్దెకు తీసుకున్నవి. వాటి మీద రిపోర్టులు ఉన్నవి ఉన్నట్టు, ఎవరైనా చదవగలిగేలా విప్పిన అక్షరాల్లో వెళ్లేవి. పేరు, వయసు, ఫోన్ నంబరు, జబ్బు. ఎన్‌క్రిప్షన్ పెడదామని ఆమె ప్రతి మీటింగులో అడిగేది. ఈ చివర ఒక పెట్టె, ఆ చివర ఒక పెట్టె. ఇక్కడ బయలుదేరే ప్రతి అక్షరాన్నీ ఈ పెట్టె ఎవరికీ అర్థం కాకుండా కలగాపులగం చేస్తుంది. సరైన తాళంచెవి ఉన్న ఆ పెట్టె మాత్రమే దాన్ని మళ్లీ మామూలు మాటగా మారుస్తుంది. మధ్యలో ఎవడు పట్టుకున్నా వాడికి దొరికేది చెత్త.

సెంటర్ మేనేజరు మంచివాడే. కాకపోతే ఏ పనైనా నిదానమే మేలనుకునే రకం.

"సొంత లైను కదా మేడమ్. ఇంట్లో వంటగదికీ పడగ్గదికీ మధ్య కూడా తాళాలేస్తామా?" అన్నాడొకసారి.

"సొంతం అని మనం అనుకుంటున్నాం సార్. అది ఎవరెవరి బిల్డింగుల కిందనుంచో, ఎన్ని గదుల్లోనుంచో వెళ్తుంది. ఆ గదులు మనవి కావు. వాటిలోకి ఎవరు వెళ్తున్నారో ఎవరు వస్తున్నారో మనకు తెలీదు. వేరేవాళ్లు లేని దారే గానీ, గోడలు లేని దారి."

"ఇన్నేళ్లలో ఏమైనా జరిగిందా?"

"జరిగితే మనకు తెలిసేది కాదు సార్. వినేవాడు చప్పుడు చేయడు."

పోరగా పోరగా ఒప్పుకున్నాడు. అయితే పెట్టెలు బిగించేటప్పుడు ఆ బ్రాంచీ లైను ఆపాలి కాబట్టి ఒకటయ్యాక ఒకటి చేద్దామన్నాడు. వరుస ఆమెనే వేయమన్నాడు. రోగులు ఎక్కువ వచ్చే బ్రాంచీలు ముందు, తక్కువ వచ్చేవి తర్వాత అని ఆమె రాసిచ్చింది. ఎవరైనా అలాగే రాస్తారు. ఈతకొలను దగ్గరి బ్రాంచీ అన్నిటికంటే చిన్నది. అది చివరికి పడింది.

ఆ పనులు సాగుతుండగా తమ్ముడికి జ్వరం పట్టుకుంది. తగ్గినట్టే తగ్గి మళ్లీ వచ్చేది. మనిషి చిక్కిపోయాడు. "చేప సారు ఎండుచేప సారు అవుతున్నాడు" అని బావ నవ్వించబోయాడు గానీ ఎవరికీ నవ్వు రాలేదు. ఆమే చెప్పింది, "మీ కొలను దగ్గరి మా బ్రాంచీలో అన్ని పరీక్షలూ చేయించుకోరా. మనవాళ్లే, ఏదున్నా బయటికి పోదు" అని.

హెచ్.ఐ.వి. అని వచ్చింది.

డాక్టరు అక్కనూ తమ్ముడినీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు. కాస్త ఆలస్యంగా తెలిసింది, ఒంట్లో శక్తి బాగా పడిపోయింది, అయినా భయం లేదు, రోజూ మాత్రలు వేసుకుంటే అందరిలాగే బతకొచ్చు, పని చేసుకోవచ్చు, పిల్లలకు ఈతా నేర్పొచ్చు అన్నాడు. ఇంటికి నడిచి వస్తుంటే తమ్ముడు, "ఎలా వచ్చిందని అడగవా అక్కా?" అన్నాడు.

"అడగను."

"కోపంగా ఉందా?"

"ఆకలిగా ఉంది. నడు త్వరగా."

వీధి మలుపులో వాడు ఆగిపోయాడు. "నీళ్లల్లో రాదు కదా అక్కా."

"రాదురా. డాక్టరు చెప్పాడు కదా."

"నాకు తెలుసు. పిల్లల అమ్మానాన్నలకు తెలుసా?"

ఆమె వాడి మోచెయ్యి పట్టుకుని రోడ్డు దాటించింది, వాడు బడికి వెళ్లే రోజుల్లోలాగా.

మర్నాడు ఆఫీసులో తను రాసిన వరుసనే చూస్తూ కూర్చుంది. నెల తిరిగేసరికి తమ్ముడు మళ్లీ రక్తమిస్తాడు. శక్తి ఎంత పుంజుకుందో చూసే పరీక్ష. ఆ రిపోర్టు కూడా అదే లైను మీద, విప్పిన అక్షరాల్లో వెళ్తుంది. ఆ బ్రాంచీని ముందుకు జరపాలంటే మేనేజరును అడగాలి. ఎందుకని ఆయన అడుగుతాడు. అంత చిన్న బ్రాంచీకి అంత తొందరేమిటని నలుగురూ అనుకుంటారు. ఏ అబద్ధం చెబితే నమ్ముతారా అని చాలాసేపు ఆలోచించింది. ఆమెకు అబద్ధాలు చేతకావు. తమ్ముడి గుట్టు దాచాలంటే నోరు మూసుకోవాలి. నోరు మూసుకుంటే ఆ లైను అలాగే తెరిచి ఉంటుంది. ఇన్నేళ్లు ఏమీ కాలేదు, ఈ కాస్త రోజుల్లో ఏమవుతుందిలే అనుకుంది. మేనేజరు అన్న మాటే తనూ అనుకుంటోందని అప్పుడామెకు తట్టలేదు.

రెండో రిపోర్టు వెళ్లాక ఒక ఉదయం ఆ పేటలో ఫోన్లన్నిటికీ అది చేరింది. చాలామంది పేర్లు, వాళ్ల నంబర్లు, వాళ్ల జబ్బులు. ఎవరు మొదట పంపారో ఎవరికీ తెలియదు. ఈతకు వచ్చే పిల్లల తల్లుల ఫోన్లలోకి వచ్చేసరికి, మిగతా పేర్లన్నీ పోయి ఒక్క పేరే మిగిలింది.

తమ్ముడు కొలనుకు వెళ్లేసరికి ఓనరు మోటారు పెట్టి నీళ్లన్నీ తోడిస్తున్నాడు. ఇద్దరు మనుషులు లోపలికి దిగి అడుగు పలకలను ఏదో మందు పోసి రుద్దుతున్నారు. గేటు దగ్గర కొందరు తల్లులూ తండ్రులూ నిలబడి ఉన్నారు. ఎవరూ తిట్టలేదు. అందరూ అడుగు వెనక్కి వేసి దారిచ్చారు. తిట్టినా బాగుండేదక్కా అన్నాడు వాడు తర్వాత. ఓనరు కళ్లలోకి చూడలేక, "కొన్నాళ్లు విశ్రాంతి తీసుకో సారూ, నేనే కబురు చేస్తాను" అన్నాడు. నీళ్లు మొత్తం పోయేదాకా తమ్ముడు అక్కడే నిలబడి, తర్వాత ఇంటికొచ్చాడు.

సెంటర్‌లో గొడవ మొదలైంది. బ్రాంచీలో రక్తం తీసే అమ్మాయే ఫోన్లో ఫొటో తీసి పంపిందని అందరూ తేల్చేశారు. ఆ అమ్మాయిని ఇంటికి పంపేశారు. ఆ అమ్మాయి ఏడుస్తూ లైన్ల మేడమ్‌కు ఫోన్ చేసింది. "సారు నాకు అన్నయ్యలాంటోడు మేడమ్. మా బాబుకి ఈత నేర్పింది ఆయనే. నేనెందుకు చేస్తాను?"

ఆమె తన గదిలో తలుపు వేసుకుని, ఊరంతా చూసినదాన్ని మొదటిసారి తన ఫోన్లో తెరిచింది. తమ్ముడి పేరు, వయసు, ఆ మూడక్షరాలు. అక్కగా చదివితే అక్కడే ఆగిపోయేది. లైన్ల మేడమ్‌లా చదవాలి. మళ్లీ మళ్లీ చదివింది. ప్రతి పేరు చివరా ఒక పొడుగాటి అంకె ఉంది. ఆ అంకెను ల్యాబు యంత్రం రిపోర్టు బయలుదేరేటప్పుడు తగిలిస్తుంది. బ్రాంచీకి చేరగానే అక్కడి కంప్యూటరు దాన్ని తీసేస్తుంది. ఏ తెర మీదా, ఏ కాగితం మీదా అది కనబడదు. అది ఉండేది ఒక్క చోటే. తీగ మీద, దారిలో.

మేనేజరు దగ్గరికి వెళ్లి అదే చెప్పింది, అందులో తన తమ్ముడి పేరు ఉందనీ చెప్పింది. ఆయన ఆ అంకెను చూశాడు. తర్వాత ముఖం రెండు చేతులతో కప్పుకున్నాడు. "మీ తమ్ముడని నాకు తెలీదు మేడమ్" అన్నాడు. అది తెలియనివ్వకుండా ఉండాలనే కదా ఇదంతా అని ఆమె అనలేదు.

పోలీసులు లైను వెంట వెళ్లారు. ఒక వ్యాపార సముదాయం సెల్లారులో, లైన్ల కంపెనీ గదిలో, తీగకు చిన్న యంత్రం తగిలించి ఉంది. ఆ కంపెనీ దగ్గర కాంట్రాక్టు పని చేసే మనిషి ఒకడు పెట్టాడు. బీమాలు అమ్మేవాళ్లకూ దొంగమందులు అమ్మేవాళ్లకూ రోగుల వివరాలు అమ్ముతున్నాడు. కొన్నవాళ్లలో ఎవరి దగ్గర్నుంచో అవి పేట ఫోన్లలోకి జారాయి. మిగిలిన లైన్ల మీద కూడా ప్రయత్నించాడట, ఏమీ అర్థం కాని అక్షరాలు వచ్చాయట. ఈ మాట పోలీసే ఆమెకు చెప్పాడు. తను చేసిన పని పనిచేసిందని అంత బాధగా ఎవరికీ తెలిసి ఉండదు.

ఆ రోజే పెట్టె తీసుకుని ఆ బ్రాంచీకి వెళ్లి తన చేతులతో బిగించింది. పెద్ద పనేమీ కాదు. టీ చల్లారేలోపు అయిపోయింది.

ఇంట్లో తమ్ముడికి నిజం చెప్పింది. ఎలా పోయింది, ఎక్కడ పోయింది, తను ఎందుకు ఆ బ్రాంచీని ముందుకు జరపలేదు, అన్నీ. చిన్నప్పుడు లెక్కలు చెప్పించుకున్నట్టు శ్రద్ధగా విన్నాడు.

"అంటే నా కోసమే నోరు మూసుకున్నావు."

"అవును."

"సరే అయితే. నువ్వు అన్నం తిను. పొద్దున్నుంచీ తినలేదని బావ చెప్పాడు."

అంతే. ఇంకెప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి తనను రెండు మాటలు అని ఉంటే ఆమె కొంచెం తేలికపడేదేమో.

పరీక్షలతో పాటు ప్రతి బ్రాంచీలోనూ మందులిచ్చే కిటికీ ఉంటుంది, తమ్ముడి మాత్రలు కొలను దగ్గరి బ్రాంచీలోనే ఇస్తారు. తను తెచ్చిపెడతానంది ఆమె. వద్దన్నాడు. వేరే ఊళ్లో ఆసుపత్రికి మార్చుకున్నాను, నెలకోసారి బస్సులో వెళ్లి తెచ్చుకుంటాను, అక్కడ నన్నెవరూ గుర్తుపట్టరు అన్నాడు. సబబుగానే అనిపించింది. చెప్పినట్టే నెలకోసారి సంచీ భుజాన వేసుకుని పొద్దున్నే వెళ్లేవాడు, సాయంత్రానికి వచ్చేవాడు. వచ్చిన రోజు ముఖం తేటగా ఉండేది. మందు పనిచేస్తోందనుకుంది.

మిగతా రోజుల్లో బావతో షాపుకు వెళ్లి వెనక గదిలో అద్దాలు అరగదీసేవాడు. ముందుకు రమ్మంటే వచ్చేవాడు కాదు. "నా దుకాణంలో ఇంత చక్కగా అద్దం కోసేవాడు ఇంతవరకు లేడు" అని బావ మెచ్చుకుంటే, "నీకు కనబడితే కదా బావా" అనేవాడు. జోకు పాతదే. గొంతులో ఊపు మాత్రం లేదు.

చలికాలం మొదట్లో దగ్గు పట్టుకుంది. నాలుగడుగులు వేస్తే ఆయాసం. ఆమె బలవంతంగా పెద్దాసుపత్రికి తీసుకెళ్తే, ఎక్స్‌రే చూసిన డాక్టరు మొదట అడిగిన మాట, "మందులు ఎప్పుడు మానేశాడు?"

"మానలేదండీ. నెలనెలా తెచ్చుకుంటున్నాడు."

డాక్టరు ఆమె వంక జాలిగా చూశాడు.

పడక పక్కన కూర్చుని అడిగింది. కోప్పడలేదు. ఆక్సిజన్ గొట్టం ముక్కుకు పెట్టుకుని, మధ్యమధ్య ఆగుతూ చెప్పాడు.

"బస్సెక్కి రిజర్వాయరుకు వెళ్లేవాణ్ని అక్కా. అక్కడ నీళ్లల్లో ఎవరూ ఉండరు. సాయంత్రందాకా ఈదేవాణ్ని."

"మాత్రలు?"

"ఆ కిటికీ దగ్గర నిలబడలేకపోయా."

"నన్ను వెళ్లనివ్వలేదేంరా?"

"నిన్నక్కడ నిలబెట్టడం ఇష్టంలేక. వాళ్లు నీకు కూడా దారిస్తారు అక్కా. నువ్వు చూడలేదు, ఆ దారివ్వడం ఎలా ఉంటుందో."

మందులు మొదలుపెట్టారు. ఒంటికి పట్టే వ్యవధి లేకపోయింది. కొన్నాళ్లు అటూ ఇటూ ఊగి, ఒక మధ్యాహ్నం, బావ కిందికి టీ కోసం వెళ్లినప్పుడు, అక్క చెయ్యి పట్టుకునే పోయాడు. బావ రెండు గ్లాసులతో తలుపు దగ్గరికొచ్చి, ఆమె ముఖం చూసి, గ్లాసులు కింద పెట్టడానికి చోటు తెలియక అలాగే నిలబడ్డాడు.

కర్మకాండలకు ఎవరొచ్చారో ఎవరు రాలేదో ఆమెకు గుర్తులేదు. కొలను ఓనరు వచ్చాడని, మెట్ల మీదే కూర్చుని వెళ్లిపోయాడని భర్త చెప్పాడు. సెలవు అయిపోయాక ఉద్యోగానికి వెళ్లింది. ఎన్‌క్రిప్షన్ పెట్టెల తాళంచెవులు కొన్నాళ్లకోసారి మార్చాలి. ఆ పని మీద కొలను దగ్గరి బ్రాంచీకి వెళ్లింది. పని అయ్యేసరికి రక్తం తీసే అమ్మాయి తలుపు దగ్గర నిలబడి ఉంది. చున్నీ అంచు మెలిపెడుతోంది.

"ఏమ్మా?"

"సారు ఒకసారి వచ్చారు మేడమ్. గొడవ తర్వాత. నన్ను మళ్లీ పన్లోకి తీసుకున్న కొత్తలో."

"ఇక్కడికా?"

"గేటుదాకా. నేను అద్దంలోంచి చూశాను. లోపల కుర్చీల్లో ఈతపిల్లల తల్లులు ఇద్దరు కూర్చుని ఉన్నారు. వాళ్లని చూసి ఆగిపోయారు. కాసేపు నిలబడి వెనక్కి తిరిగారు. నేను సూది చేత్తో పట్టుకుని ఉన్నాను మేడమ్, ఒక పాపకి రక్తం తీస్తున్నా. అది అవ్వగానే బయటికి పరిగెత్తాలనుకున్నా. రేపొస్తారులే అనుకున్నా."

ఆమె ఆ అమ్మాయి తలను భుజానికి ఆనించుకుంది. "నువ్వేం చేస్తావే తల్లీ. సూదితో ఎవరైనా పరిగెత్తుతారా?" అంది. ఆసుపత్రిలోనూ ఇంట్లోనూ రాని ఏడుపు అప్పుడొచ్చింది. ఇద్దరూ ఆ చిన్న గదిలో, ఖాళీ సీసాల మధ్య నిలబడి చాలాసేపు ఏడ్చారు. బయట ఎవరో తలుపు కొట్టి, లోపలి చప్పుడు విని వెళ్లిపోయారు.

మర్నాడు మేనేజరును ఒక కోరిక కోరింది. అన్ని బ్రాంచీల్లోనూ మందుల కోసం పక్కసందులోంచి వేరే తలుపు పెట్టించాలని, కుర్చీల ముందు నుంచి రాకుండా తీసుకుపోయే వీలుండాలని. ఆయన మారుమాట్లాడకుండా సంతకం పెట్టాడు. "ఇంత చిన్న పని మేడమ్, ఇంతకు ముందే తట్టలేదు చూడండి" అన్నాడు. ఆయన ఉద్దేశం మంచిదే. ఆమె తల ఊపి బయటికి వచ్చి, చల్లటి గదిలో స్వెటర్ వేసుకోవడం కూడా మరచి సాయంత్రందాకా కూర్చుంది.

కాంట్రాక్టు మనిషి మీద కేసు ఇంకా నడుస్తూనే ఉంది. కొలనుకు కొత్త సారు వచ్చాడు. కళ్లజోళ్ల షాపు వెనక గదికి బావ తాళం వేశాడు, అద్దాలు బయట కోయిస్తున్నాడు. తలుపులు పెట్టారు. కొలను దగ్గరి బ్రాంచీలో ఆ పక్కతలుపు గుండా రోజూ ఎవరో ఒకరు వచ్చి, సంచీలో మందులు పెట్టుకుని, ఎవరి కంటా పడకుండా వెళ్తారట. ఆ అమ్మాయి చెబుతుంది. ఆమె ఎప్పుడూ చూడలేదు. ఆ బ్రాంచీలో పని పడితే ముందు గేటులోంచే వెళ్తుంది, కుర్చీల ముందు నుంచి, నిదానంగా.